జెండర్ తెలుసు, నోటికే రాదు: ఒక స్పానిష్ విద్యార్థిని కేసు

తెలుగువాళ్ళకి స్పానిష్ నేర్పేవాళ్ళలో చాలామంది జెండర్ తప్పులు, అంటే స్త్రీలింగ పదాన్ని పుంలింగంలా, పుంలింగ పదాన్ని స్త్రీలింగంలా వాడడం, వినపడగానే ఒకటే పని చేస్తారు, పదాల లిస్టు చేతిలో పెట్టి బట్టీ పట్టమంటారు. ఆ మందు కొందరికి పనిచేస్తుంది, కాదనను, కానీ నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో ఎక్కువమందికి ఉన్నది ఆ జబ్బు కాదు. అదెలా తెలుసుకోవాలో, తెలిశాక ఏం చేయాలో చెప్పడానికి ఈ ఒక్క కేసు చాలనిపించి వివరంగా రాస్తున్నాను. పేరు, కంపెనీ రాయనని చెప్పి ఆ అమ్మాయి అనుమతి తీసుకున్నాను.

అమ్మాయిది గుంటూరు వైపు. హైదరాబాద్‌లో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం, మెక్సికో, కొలంబియా కస్టమర్లతో మాట్లాడాలి. చాట్‌లో బాగా నెగ్గుకొస్తుంది, కాల్స్ అంటే మాత్రం టెన్షన్. దానికి తోడు డెలే బి1 పరీక్ష రాయాలి. డెలే అంటే స్పెయిన్ విద్యాశాఖ తరఫున ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ నిర్వహించే పరీక్ష. అందులో చదవడం, రాయడం కలిపి ఒక గ్రూపు, వినడం, మాట్లాడడం కలిపి ఇంకో గ్రూపు, ఒక్కో గ్రూపులో 50కి 30 రావాలి. అంటే చదవడంలో ఎంత బాగా చేసినా ఆ మార్కులు మాట్లాడే పరీక్షని ఆదుకోవు. ఆమె భయం అక్కడే.

మొదటి రోజు ఖాళీలు పూరించే ఒక పేపరు ఇచ్చాను. పదం ముందు 'ఎల్' అనే పుంలింగ ఆర్టికల్ పెట్టాలా 'లా' అనే స్త్రీలింగ ఆర్టికల్ పెట్టాలా, అడ్జెక్టివ్ చివర పుంలింగానికి వచ్చే 'ఓ' నా స్త్రీలింగానికి వచ్చే 'ఆ' నా అనే మామూలు పేపరు. దాదాపు అన్నీ కరెక్టుగా రాసింది. ఎల్ ప్రొబ్లేమా, లా మానో, ఎల్ మాపా, ఎల్ దీయా లాంటి, చివరి అక్షరం ఒకటి చెబితే జెండర్ ఇంకోటయ్యే పేరుమోసిన మినహాయింపులన్నీ సహా. తర్వాత ఒక ఫోటో చూపించి వర్ణించమన్నాను. రెండో వాక్యం నుంచే అన్నీ ఓ లోకి మారిపోయాయి. "సార్, అది ఫెమినిన్ అని నాకు తెలుసు సార్, నోట్లోంచి మాత్రం ఓ వచ్చేస్తుంది" అంది. ఈ మాట చాలామంది విద్యార్థులు అంటారు, చాలామంది టీచర్లు దాన్ని సాకు కింద కొట్టిపారేస్తారు. నేనైతే దాన్ని లక్షణం కింద రాసుకుంటాను.

ఇక్కడ చేయాల్సింది రికార్డింగు. మూడు రకాల మాట తీసుకున్నాను: ఫోటో వర్ణన, నేను కస్టమర్‌గా నటించిన కాల్, ఇంటి గురించి ఊరి గురించి తనకి తోచినట్టు చెప్పిన కబుర్లు. మొత్తం అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టి, జెండర్‌తో సంబంధం ఉన్న ప్రతి చోటా గుర్తు పెట్టి, తప్పుల్ని నాలుగు కుప్పలుగా విడదీశాను. ఒకటి, ఆర్టికల్ అసలు లేకపోవడం. రెండు, ఆర్టికల్ ఉంది కానీ తప్పు జెండర్. మూడు, ఆర్టికల్ సరిగ్గానే ఉంది, దాని తర్వాత వచ్చే అడ్జెక్టివో పార్టిసిపులో (క్రియ నుంచి పుట్టి అడ్జెక్టివ్‌లా మారే రూపం) తప్పు. నాలుగు, ఆ వస్తువునే తర్వాత సర్వనామంతో చెప్పేటప్పుడు తప్పు.

రెండో కుప్పే అన్నిటికన్నా చిన్నది. బట్టీ పట్టే లిస్టు నయం చేయగలిగేది ఆ ఒక్క కుప్పనే. అందులో ఉన్నవి కూడా చివర ఓ, ఆ లేని పదాలే: లా రెద్ అనాల్సిన చోట ఎల్ రెద్, లా సెన్యాల్ బదులు ఎల్ సెన్యాల్, లా ఇమాహెన్ బదులు ఎల్ ఇమాహెన్. సియోన్‌తో ముగిసే పదాల్లో, అంటే ఇన్ఫర్మసియోన్, దిరెక్సియోన్, అప్లికసియోన్ లాంటి వాటిలో ఒక్కటీ తప్పలేదు. మిగతా మూడు కుప్పల్లోంచి ఒక్కో వాక్యం చూడండి, మొత్తం కేసు వీటిలోనే ఉంది.

"క్లియెంతే దీసే కే నో రెసిబియో లా ఫక్తూరా." ఇన్‌వాయిస్ అందలేదని కస్టమర్ అంటున్నారు అని. ఫక్తూరాకి లా ఉంది. మొదట్లో క్లియెంతేకి ఎల్ లేదు.

"లా క్వేంతా ఎస్తా బ్లొకెయాదో." ఖాతా బ్లాక్ అయింది అని. లా సరిగ్గా వచ్చింది, క్వేంతా స్త్రీలింగం అని తనకి తెలుసని దానితోనే రుజువైంది, కానీ బ్లొకెయాదా రావాల్సిన చోట బ్లొకెయాదో వచ్చింది.

"లా కొంత్రసేన్యా యా లో కాంబియే." పాస్‌వర్డ్ మార్చేశాను అని. లో కాదు, లా కాంబియే అనాలి.

ఇంకో వాక్యం కూడా ఉంది, దాన్ని ఏ కుప్పలో వేయాలో కాసేపు ఆలోచించాను. కాల్ మధ్యలో నేను "నిజమేనా?" అని అడిగితే "ఎస్తోయ్ సెగూరో" అంది. ఖచ్చితంగా అని అర్థం, కానీ మాట్లాడేది అమ్మాయి కాబట్టి సెగూరా అనాలి. ఆర్టికల్ లేదు, నామవాచకం లేదు, ఉన్నదల్లా మాట్లాడే మనిషి. చివరికి మూడో కుప్పలోనే వేశాను.

ఇవన్నీ ఎందుకు జరుగుతున్నాయో తెలుగు వైపు నుంచి చూస్తేనే తెలుస్తుంది. తెలుగులో లింగభేదం లేదు కాబట్టి మనకి కష్టం అని కొందరు అంటుంటారు, అది నిజం కాదు. వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి అని మనం పొద్దున లేచినప్పటి నుంచి పొంతన కుదురుస్తూనే ఉంటాం. కాకపోతే మన పొంతన క్రియ దగ్గర, వాక్యం చివర జరుగుతుంది, అదీ అర్థాన్ని బట్టి. మగమనిషి ఒక వైపు, ఆడమనిషి, ఆవు, బస్సు అన్నీ ఇంకో వైపు. స్పానిష్‌లో క్రియకి లింగంతో పనే లేదు, నాన్న వచ్చినా బస్సు వచ్చినా యెగో అనే అంటారు. అక్కడి పొంతనంతా నామవాచకానికి ముందున్న ఆర్టికల్ మీద, ఆ తర్వాత వచ్చే అడ్జెక్టివ్ మీద, అదీ చాలావరకు అర్థంతో సంబంధం లేకుండా ఆ పదాన్ని బట్టి. మనకేమో ఆర్టికలే లేదు, అడ్జెక్టివ్ కదలదు. కొత్త అల్లుడు, కొత్త కోడలు, కొత్త ఖాతా, కొత్త సమస్యలు, దేని ముందు పెట్టినా అది కొత్తే. నేను అలసిపోయాను అని మగవాళ్ళన్నా ఆడవాళ్ళన్నా ఒకటే మాట. దాన్ని మార్చాను అనేటప్పుడు ఆ 'దాన్ని' పాస్‌వర్డ్ అయినా మెసేజ్ అయినా మనకి తేడా లేదు. పైన రాసిన వాక్యాల్లో ప్రతి తప్పూ తెలుగు కదపని చోటే పడింది.

అలాంటి చోట నోటికి ఏదో ఒక రూపం కావాలి కాబట్టి పుంలింగం వచ్చి కూర్చుంటుంది. ఈ అమ్మాయి ఒక్కతే కాదు, రెండో భాషగా స్పానిష్ నేర్చుకునేవాళ్ళలో చాలామందిలో కనిపించే సంగతే ఇది. అందుకే తప్పులు రెండు వైపులా సమానంగా పడవు. క్వేంతాతో బ్లొకెయాదో వస్తుంది గానీ, పెదీదోతో, అంటే ఆర్డర్‌తో, రెత్రసాదా అని ఆమె ఒక్కసారీ అనలేదు. పుంలింగ పదాలన్నీ కరెక్టుగా వస్తున్నాయని సంబరపడే టీచర్లు ఇది గమనించాలి, అక్కడ వచ్చేది కరెక్టు కాదు, డిఫాల్టు.

హిందీ ప్రభావం కూడా చూశాను, హైదరాబాద్‌లో పనిచేసేవాళ్ళ విషయంలో అది చూడకుండా వదలకూడదు. ఆమె ఒకచోట "ఎ ఎన్వియాదా లా ఫక్తూరా" అంది. ఇన్‌వాయిస్ పంపాను అని. ఇంతకుముందు అన్ని చోట్లా ఓ అన్న మనిషి, ఓ అనాల్సిన ఈ ఒక్కచోట ఆ అంది! అది హిందీలోంచి వచ్చింది. మైనే చిట్ఠీ భేజీ అనేటప్పుడు క్రియ చిట్ఠీని బట్టి మారుతుంది కదా, ఆ అలవాటు. స్పానిష్‌లో అబేర్ అనే సహాయక క్రియతో వచ్చే పార్టిసిపుల్ ఎప్పటికీ మారదు, ఎ ఎన్వియాదో లా ఫక్తూరా అనే అనాలి. అదే ఎస్తార్‌తో, అంటే 'ఉండు' అనే క్రియతో, వస్తే మారి తీరాలి: లా ఫక్తూరా ఎస్తా ఎన్వియాదా. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి చూపించాక ఆమె మొహంలో కనిపించిన నిమ్మళానికి కారణం నాకు అర్థమైంది. ఇన్నాళ్ళూ రెండూ విని, ఇందులో రూలేమీ లేదు, స్పానిష్ వాళ్ళు ఇష్టమొచ్చినట్టు మాట్లాడతారు అనుకుందట.

ఇక ఎల్ ఆరెయా దగ్గర ఒక క్లాసు మొత్తం పట్టింది, పట్టాలి కూడా. ఆఫీసులో రోజూ వచ్చే మాట అది, విభాగం అని అర్థం. ఎల్ ఆరెయా అని వింటుంది కాబట్టి పుంలింగం అనుకుని ఎల్ ఆరెయా తేక్నికో అంటుంది. నిజానికి ఆరెయా స్త్రీలింగమే. ఆగ్వా, అల్మా, ఆంబ్రే, ఆగిలా, ఆర్మా లాగా ఒత్తి పలికే 'ఆ' శబ్దంతో మొదలయ్యే స్త్రీలింగ పదాల ముందు ఏకవచనంలో లా బదులు ఎల్ వస్తుంది. అందం కోసం పుంలింగ ఆర్టికల్ అరువు తెచ్చుకున్నారని చాలా పుస్తకాలు రాస్తాయి, చరిత్ర అది కాదు. లాటిన్‌లోని 'ఇల్లా' అనే స్త్రీలింగ రూపం పాత స్పానిష్‌లో 'ఎలా' అనే రూపంగా మారింది. మామూలు పదాల ముందు దాని మొదటి అచ్చు పోయి లా మిగిలింది, 'ఆ' తో మొదలయ్యే పదాల ముందు దాని చివరి 'ఆ' పక్క పదంలోని 'ఆ' లో కలిసిపోయి ఎల్ మిగిలింది. అంటే ఎల్ ఆగ్వాలోని ఎల్ పుట్టుకతో స్త్రీలింగమే. తెలుగువాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది, అచ్చు మీద అచ్చు పడితే ఒకటి లోపించడం మనకి చిన్నప్పటి నుంచి సంధుల్లో తెలిసిందే. అది తెలిశాక మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి: ఎల్ ఆగ్వా ఫ్రియా, లాస్ ఆగ్వాస్, ఎస్తా ఆగ్వా (ఈ నీళ్ళు అని, ఇది 'ఉంది' అనే ఎస్తా కాదు), లా మిస్మా ఆగ్వా, ఎల్ ఆరెయా తేక్నికా, లాస్ ఆరెయాస్. ఒత్తు పక్క అక్షరం మీదికి పోతే లా నే ఉంటుంది, లా అమీగా అన్నట్టు. స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా 'ఈ విభాగం' అనడానికి పుంలింగంలో ఎస్తే ఆరెయా అని అనేస్తుంటారు, స్పానిష్ భాషా అకాడమీ అయిన రియల్ అకాదెమియా ఎస్పన్యోలా మాత్రం ఎస్తా ఆరెయా అనే చెబుతుంది. కాల్‌లో కస్టమర్ ఎస్తే అన్నాడని నువ్వు కంగారుపడకు, నువ్వు మాత్రం పరీక్షలో ఎస్తా అను అని చెప్పాను.

చికిత్సకి వస్తే, మొదట లిస్టు తీసేశాను. పదం పక్కన మస్క్యులిన్, ఫెమినిన్ అని రాసుకోవడం మాన్పించాను. దాని బదులు ప్రతి పదాన్నీ ఆర్టికల్‌తో, చివర మారే ఒక అడ్జెక్టివ్‌తో కలిపి ఒకే మాటగా నేర్చుకోవాలి. రెద్ కాదు, లా రెద్ లేంతా. మెన్సాహే కాదు, ఎల్ మెన్సాహే న్వేబో. క్లాబే కాదు, లా క్లాబే న్వేబా. చివర మారే అడ్జెక్టివ్ అని ఎందుకు పట్టుబట్టానంటే గ్రాందే, వేర్దే, అసూల్, ఫాసిల్ లాంటివి రెండు జెండర్లకీ ఒకే రూపంలో ఉంటాయి, వాటితో ఎంత సాధన చేసినా మూడో కుప్ప తగ్గదు. ఈ పద్ధతి పనిచేస్తుందని ఆమెకే ఆమె నోటితో చూపించాను. బ్వేనోస్ దీయాస్, బ్వేనాస్ తార్దేస్, బ్వేనాస్ నోచేస్. స్పానిష్ మొదలుపెట్టిన రోజు నుంచి వీటిని తను ఒక్కసారీ తప్పు చెప్పలేదు. దీయా చివర ఆ ఉన్నా పుంలింగం, తార్దే, నోచేల చివర చూస్తే ఏమీ తెలియదు, అయినా బ్వేనోస్, బ్వేనాస్ ఎక్కడివి అక్కడ పడుతున్నాయి, ఎందుకంటే అవి మొత్తంగా నోటికి వచ్చాయి.

రెండోది మార్పిడి సాధన. నేను ఎల్ ఉసువారియో అంటాను, ఆమె వెంటనే ఎల్ ఉసువారియో ఎస్తా బ్లొకెయాదో అనాలి. లా క్వేంతా, లా తర్హేతా, ఎల్ ఆక్సేసో, లా లీనెయా, ఇలా గబగబా. తెలుగులో ఆలోచించి తర్జుమా చేసుకునేంత వ్యవధి ఇవ్వను. తప్పు వస్తే తప్పు అనను, రూలు చెప్పను, "లా..." అని ఆర్టికల్ మాత్రం సాగదీసి ఆగుతాను. మిగతాది ఆమే సరిచేసుకుంటుంది. ఇది నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ అమ్మాయికి జ్ఞానం కొరత లేదు, నేను జవాబు అందిస్తే ఆమె చేయాల్సిన పని నేను చేసినట్టవుతుంది.

ఇందులోనే ఇద్దరికీ బాగా నచ్చిన ఒక సాధన కంప్యూటర్‌ది. మెక్సికోలో లా కొంపుతదోరా, కొలంబియాలో ఎల్ కొంపుతదోర్, స్పెయిన్‌లో ఎల్ ఒర్దెనదోర్. వస్తువు ఒకటే, దేశం మారితే జెండర్ మారిపోతుంది. మెక్సికో కస్టమర్ అయితే ఎస్తా అపగాదా, కొలంబియా కస్టమర్ అయితే ఎస్తా అపగాదో, ఆఫ్ అయి ఉంది అని. నేను దేశం పేరు అంటాను, ఆమె వాక్యం చెబుతుంది. వస్తువులో ఆడతనం మగతనం వెతుక్కునే అలవాటు, మేసా (బల్ల) ఎందుకు ఆడ, లీబ్రో (పుస్తకం) ఎందుకు మగ లాంటి ప్రశ్నలు, దీనితో పూర్తిగా పోయాయి.

తర్వాత దూరం పెంచాను, నా దృష్టిలో ఈ కేసుకి అసలు వైద్యం ఇదే. లా క్వేంతా ఎస్తా బ్లొకెయాదా అనడం వారాల్లోనే వచ్చేసింది. కానీ నిజమైన కాల్‌లో వాక్యం అంత పొట్టిగా ఉండదు. లా క్వేంతా కే అబ్రియో కోన్ ఎల్ కొర్రేయో దె సు ఎర్మానో ఎస్తా బ్లొకెయాదా. మీ అన్నయ్య ఈమెయిల్‌తో మీరు తెరిచిన ఖాతా బ్లాక్ అయింది అని. క్వేంతాకీ బ్లొకెయాదాకీ మధ్య కొర్రేయో, ఎర్మానో అని రెండు పుంలింగ పదాలు వచ్చి పడ్డాయి, ఎర్మానో అయితే సరిగ్గా ఎస్తాకి ముందే ఉంది, అక్కడి నుంచి ఓ జారి వచ్చి బ్లొకెయాదో అయిపోతుంది. ఎర్మానో తీసి ఎర్మానా పెడితే అదే వాక్యం కరెక్టుగా చెప్పింది! అంటే క్వేంతాతో కాదు, చివరగా విన్న పదంతో పొంతన కుదురుస్తోంది అన్నమాట. అందుకని ఒక్కో ముక్క పెంచుతూ వాక్యాలు కట్టాను, మధ్యలో పడే పదం కావాలనే వ్యతిరేక జెండర్‌ది పెట్టాను. ఎర్మానాతో వచ్చిన కరెక్టుని కరెక్టుగా లెక్క వేసుకోలేదు.

ఆర్టికల్ మింగేసే అలవాటు పోవడానికి మాత్రం ఒక్క రూలు సరిపోయింది. క్రియకి ముందు కర్తగా వచ్చే ఏకవచన నామవాచకం ఒంటరిగా నిలబడకూడదు, పేర్లకి తప్ప. క్లియెంతే దీసే అనకూడదు, ఎల్ క్లియెంతే దీసే అనాలి. క్రియ తర్వాత అయితే ఒంటరిగా ఉండొచ్చు, ఎల్ క్లియెంతే నో తియేనే ఫక్తూరా అంటే పర్వాలేదు. ఆర్టికల్ వాడకం మీద పుస్తకాల్లో ఉండే పేజీలకి పేజీల సూత్రాలు ఈ దశలో అక్కర్లేదు.

ఎస్తోయ్ సెగూరో సంగతి తేలిగ్గా తేలింది. నేను ఆమెతో "మా నాన్న నిన్న వచ్చింది" అన్నాను. ఒక్కసారి ఉలిక్కిపడి నవ్వింది. నువ్వు సెగూరో అన్నప్పుడు అవతల మెక్సికో ఆవిడకి చెవిలో అలాగే గుచ్చుకుంటుంది అన్నాను. ఆ తర్వాత సెగూరా, లీస్తా, కన్సాదా, ఎంకంతాదా, తన గురించి తను చెప్పుకునే మాటలన్నీ అన్నిటికన్నా ముందు కుదురుకున్నాయి.

కొన్ని నెలలయ్యాక అదే ఫోటో, అదే రకం కాల్ మళ్ళీ రికార్డు చేశాను. మొదటి కుప్ప దాదాపు పోయింది. లా క్వేంతా న్వేబా లాగా పక్కపక్కనే ఉండే పొంతన తొందరపడి మాట్లాడినా నిలుస్తోంది. ఎస్తాకి అవతల ఉండే పొంతన మామూలు వాక్యాల్లో బాగుంది, పొడుగు వాక్యాల్లో ఇంకా అప్పుడప్పుడు జారుతోంది, కాకపోతే జారగానే తనే పట్టుకుని దిద్దుకుంటోంది. మాట్లాడే పరీక్షలో అలా దిద్దుకోవడం తప్పేమీ కాదు, అది ఆమెకి గట్టిగా చెప్పాను, లేకపోతే తప్పు దొర్లిందని ఆగిపోయి ఉన్న మాటలు కూడా పోగొట్టుకుంటుంది.

ఇదే పద్ధతి అందరికీ అంటే ఒప్పుకోను. అమెరికాలో హైస్కూల్లో స్పానిష్ తీసుకున్న తెలుగు పిల్లవాడు ఒకడు ఆన్‌లైన్లో నా దగ్గర చదువుతున్నాడు. వాడి రికార్డింగు విడదీస్తే బొమ్మ తిరగబడింది. లా ప్రొబ్లేమా అనేవాడు, ఆ వెంటనే సేరియా అని దానికి తగ్గట్టే అడ్జెక్టివ్ కూడా ఆ తో చెప్పేవాడు. పొంతన చక్కగా కుదురుస్తున్నాడు, పదం జెండరే తప్పుగా తెలుసు. వాడికి లిస్టే ఇచ్చాను. గ్రీకు నుంచి వచ్చిన ప్రొబ్లేమా, సిస్తేమా, తేమా, ప్రొగ్రామా, ఇదియోమా అక్కడ నపుంసక లింగం, స్పానిష్‌లో ఆ లింగం లేకపోవడంతో పుంలింగంలో చేరిపోయాయి, ఫీర్మా, ఫోర్మా, కామా ఆ గుంపులోవి కావు అని ఒకసారి వివరించి, లిస్టు అప్పజెప్పించుకుంటే వాడి సమస్యలో ఎక్కువ భాగం తీరిపోయింది. ఇద్దరి తప్పులూ పైపైన వింటే ఒకలాగే ఉంటాయి, రికార్డు చేసి విడదీయకపోతే ఇద్దరికీ ఒకే కాగితం ఇచ్చి పంపేవాళ్ళం.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి వస్తే, మిగిలింది నాలుగో కుప్ప. లా కొంత్రసేన్యా యా లా కాంబియే ఇప్పుడు వస్తోంది, కానీ పాస్‌వర్డ్ మాట కస్టమర్ అని, మధ్యలో ఇంకేదో మాట్లాడి, తిరిగి దాని దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ లో అంటోంది. పరీక్షలో చదవడంలో, రాయడంలో ఇది పెద్దగా బయటపడదు, కాల్‌లో రోజూ బయటపడుతుంది. అందుకని ఈ మధ్య కాల్స్ నటించేటప్పుడు రెండు వస్తువులు కలిపి అడుగుతున్నాను, పెదీదో, ఫక్తూరా రెండూ పంపారా అని. రెండు జెండర్లు కలిస్తే పుంలింగ బహువచనం రావాలి, లోస్ మాందే అనాలి, రెండూ స్త్రీలింగాలైతే లాస్. ఫక్తూరా చివర చెబితే లాస్ అంటోంది, పెదీదో చివర చెబితే లోస్ అంటోంది, అంటే ఎర్మానో దగ్గర చూసిన జారుడే ఇక్కడా ఉంది. కాబట్టి దీనికీ ముక్క ముక్క పెంచే సాధనే మొదలుపెట్టాం. పరీక్షకి ముందు అదే ఫోటోతో ఇంకోసారి రికార్డు చేస్తాను, ఈసారి సర్వనామాల కుప్ప ఒక్కటే విడిగా చూస్తాను.